చిక్కటి ఆయిలు

"పైన పాలిష్ కొట్టించు, లోపల చిక్కటి ఆయిలు పోయించు. ఆదివారం లోపల తోసేద్దాం," అన్నాడు మొగుడు, స్నానాల గది తలుపు సందులోంచి చెయ్యి బయటికి చాపి. ఆ చేతిలో తువ్వాలు పడింది. దానంతటది ఎగిరొచ్చి పడలేదు. పొయ్యి మీద పాలు పొంగకుండా ఒక కన్ను అటు వేసి ఉంచి, తడి చేతులు నడుముకు తుడుచుకుని, తీగ మీద నుంచి లాగి ఆమె అందించింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ చెయ్యి అలాగే బయటికొస్తోంది, అందులో తువ్వాలు అలాగే పడుతోంది. తువ్వాళ్ళు గాల్లో కాస్తాయని ఆ చేతికి గట్టి నమ్మకం.

తోసేద్దామన్నది మోటారు సైకిలు గురించి. పదకొండేళ్ళ బండి. అందులో పదేళ్ళు ఆమే నడిపింది. ఒక రక్తపరీక్షల ల్యాబులో ఆమె ఉద్యోగం. తెల్లారీ తెల్లారకముందే ఇళ్ళకు వెళ్ళాలి, పరగడుపున కూర్చున్న మనిషి జబ్బకు రబ్బరు పట్టీ బిగించాలి, నరం వెతికి సూది దించాలి, ఎర్రమూత గొట్టంలోకి కొంత, ఊదామూత గొట్టంలోకి కొంత రక్తం నింపి, వెనక సీటుకు కట్టిన ఐసు పెట్టెలో సర్ది, పాడైపోకముందే ల్యాబుకు చేర్చాలి. రోజుకు పద్నాలుగు ఇళ్ళు, ఒక్కోసారి ఇరవై. ఆ వీధుల్లో పిల్లలు ఆమెకు సూదమ్మ అని పేరు పెట్టారు. పేరు అతుక్కుపోయింది. మనమూ అలాగే పిలుద్దాం. ఇంట్లో పిలిచే "ఏమేయ్" కన్నా అదే గౌరవం.

పోయిన నెల ల్యాబువాళ్ళు సూదమ్మను ఇన్‌చార్జిని చేశారు. ఇకమీదట ఇళ్ళకు తిరగక్కర్లేదు. కుర్చీలో కూర్చుని, తిరిగేవాళ్ళు తెచ్చిన గొట్టాలు సరిచూసుకుంటే చాలు. ఆ కబురు చెప్పిన రోజునే మొగుడు తేల్చేశాడు. ఇక నీకు బండెందుకు, వీధి చివర బస్సుందిగా, అమ్మేసి హాల్లోకి పెద్ద టీవీ తీసుకుందాం అన్నాడు. కొనేవాళ్ళు కూడా దొరికారు. సూదమ్మ వదిలిన వీధుల్లో తిరగడానికి ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి. ఇంకా ఎవరికీ ఆమె పేరు నోట పట్టలేదు కాబట్టి అందరూ కొత్తపిల్ల అంటున్నారు.

చిక్కటి ఆయిలు సంగతేమిటంటే, అది బండ్లు అమ్మేవాళ్ళ కిటుకు. ఇంజన్లో ఏదో అరిగి చప్పుడు చేస్తుంటే, మామూలు ఆయిలు తీసేసి చిక్కటిది పోస్తారు. చప్పుడు అణిగిపోతుంది. రోగం పోదు, మూలుగు పోతుంది. ఆ రెండు మూడు వారాల్లో బండి చేతులు మారిపోతుంది. ఇలాంటి మందు ఇంజన్లకు మాత్రమే పోస్తారనుకోకండి.

సూదమ్మకు ఆ చప్పుడు నాలుగు నెలలుగా వినపడుతూనే ఉంది. రేకు డబ్బాలో గింజలు పోసి ఊపినట్టు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కాక తక్కువ. పెద్ద సర్వీసు చేయించి అమ్ముదామండీ అంది. తల తుడుచుకుంటూ బయటికొచ్చిన మొగుడు ఆమెను వింతగా చూశాడు.

"అమ్మే బండికి సర్వీసేంటే? నడుస్తోందిగా."

ఆ ఇంట్లో అన్నిటికీ అదే మాట. తిరగలేక తిరుగుతున్న ఫ్యానుకు అదే, కిందికి కుంగిన మంచానికి అదే. సూదమ్మకు కుడివైపు రెండు దవడ పళ్ళు ఊడిపోయి మూడేళ్ళయింది. కట్టించుకుంటానంటే, ఇంకో పక్క ఉన్నాయిగా, నమలడం నడుస్తోందిగా అన్నారు. అది అన్నది అత్తగారు. కొడుకు తలూపాడు. అందుకని సూదమ్మ తెల్లవారుజాము డ్యూటీకి ల్యాబు విడిగా ఇచ్చే కాస్త డబ్బూ ఇంట్లో చూపించకుండా దాచుకుంటూ వచ్చింది. పళ్ళ డాక్టరు చెప్పిన మొత్తం సరిగ్గా ఈ నెలకు సమకూడింది.

ఆ రోజు డ్యూటీ దిగాక బండిని మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళింది. పదేళ్ళుగా ఆ బండికి చెయ్యి వేసింది ఈ మేస్త్రీ ఒక్కడే. అరవై దాటిన మనిషి, గొంతు కరుకు, చేతులు మెత్తన. ఆయనకో పద్ధతి ఉంది. బండిని స్టార్టు చేసి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంటాడు. ఎక్కడ ఏం బాధో ఆ ఇనుప కడ్డీలోంచి ఎక్కి వస్తుందట. ఆ రోజు చాలాసేపు విన్నాడు. తర్వాత స్క్రూడ్రైవరు సూదమ్మ చేతికిచ్చాడు. ఆమె కూడా చెవికి ఆనించుకుంది. బయటికి గింజల చప్పుడుగా వినిపించేది, లోపల ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టుంది.

"ఇంజన్ లోపలి టైమింగ్ చెయిన్ పూర్తిగా సాగిపోయింది చెల్లెమ్మా. క్లచ్ ప్లేట్లు కూడా అయిపోయాయి. ముందు చక్రం సీళ్ళు కారుతున్నాయి. ఇంజన్ విప్పాలి."

"విప్పకపోతే?"

"ఒకరోజు చెయిన్ జారుతుంది. ఇంజన్ ఉన్నపళంగా పట్టేస్తుంది. ఇంటి ముందు జారితే తోసుకుంటూ రావచ్చు. లారీల మధ్య జారితే చెప్పలేను."

ఎంతవుతుందో చెప్పాడు. సూదమ్మ నాలుక దానంతటదే కుడి దవడ మీదికి, ఖాళీ చిగురు మీదికి పోయింది. రెండు పళ్ళ డబ్బూ అక్షరాలా అంతే. చిక్కటి ఆయిలు మాట కూడా ఆమే ఎత్తింది, మొగుడు అన్నాడని. మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. పోస్తే రెండు వారాలు నోరు మూసుకుంటుంది, కానీ నేను పొయ్యను, ఎదురు షాపులో పోస్తారు, పోయించుకో అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెకు కష్టంగా అనిపించింది.

ఇక్కడ బండి గురించి కొంచెం చెప్పాలి. సూదమ్మ ఇంటి నుంచి మొదటి అడ్రసుకు ఇరవై నిమిషాల దూరం. పొద్దున్నే లేచి, అన్నం వండి, డబ్బాలు కట్టి, అత్తగారి మాత్రలు గిన్నెలో వేసి, కూతురి యూనిఫారం ఇస్త్రీ చేసి, బండి ఎక్కి హెల్మెట్ పెట్టుకోగానే ఆ ఇరవై నిమిషాలు మొదలయ్యేవి. అప్పుడు ఆమె ఎవరికీ ఏమీ కాదు. ఎవరూ పిలిచేవాళ్ళు లేరు, పిలిచినా వినపడదు. హెల్మెట్ లోపల గొంతెత్తి పాడుకునేది. శ్రుతి లేదు, ఉండాల్సిన పనీ లేదు. ఎవరి మీద కోపమొస్తే వాళ్ళను బండబూతులు తిట్టేది, ఆ తర్వాత కడుపు ఖాళీ అయినంత హాయిగా మొదటి తలుపు కొట్టేది. ఆ ఇరవై నిమిషాల్లోనే ఆమె ఇన్నేళ్ళూ బతికింది, మిగతా గంటల్లో పని చేసింది. వానలో, పొగమంచులో, కూతురికి జ్వరమొచ్చి ఆస్పత్రికి పరుగెత్తిన రోజున, ఆ బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఒక్క కిక్కు. ఏమే ఇంత ఆలస్యం అనలేదు. ఈ లోకంలో ఆమెను ఏమీ అడగకుండా మోసింది అదొక్కటే.

ఇంకా కొందరున్నారు, కాదనకూడదు. మూడో వీధిలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ, చలికాలమంతా గ్లాసెడు వేడినీళ్ళు పట్టుకుని గేటు దగ్గర నిలబడేది, ముందు చేతులు వెచ్చబెట్టుకో తల్లీ, తర్వాత నా నరం వెతుకుదువు గానీ అని. నెలలు నిండిన ఒక పిల్ల, సూదికి భయపడి ఈమె భుజం కొరికేసి, మరుసటి వారం ఆ భుజానికి రాసుకోమని మందు కొని ఉంచింది. వీళ్ళందరినీ చూపించింది బండే. అది లేకపోతే సూదమ్మకు తెలిసిన లోకం వంటింటి నుంచి తీగ దాకా, తీగ నుంచి స్నానాల గది తలుపు దాకా.

అయితే ఆ ఇంట్లో ఆమె కృతజ్ఞత చూపించాల్సింది బండికి కాదు. అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, మా అబ్బాయి బండిచ్చి పంపబట్టి కదా ఇది ఇంతదయ్యింది, మా రోజుల్లో ఎవరు పంపారు అని. మొగుడు స్నేహితుల దగ్గర ఇంకాస్త పెద్ద గొంతుతో అనేవాడు, మా ఆవిడని ఉద్యోగానికి పంపిస్తున్నా, బండి కూడా ఇచ్చేశా, నడపడం నేనే నేర్పించా అని. పంపడానికి ఆమె పార్సిలు కాదు. నేర్పిన మాటకొస్తే, ఆయన ఒకే ఒక్కసారి వెనక కూర్చున్నాడు. ఆమె క్లచ్ వదిలేసింది, ఇద్దరూ ఇసక కుప్ప మీద పడ్డారు. ప్యాంటు చిరిగింది. నీ వల్ల కాదు పో అని ఆయన నడిచి ఇంటికెళ్ళిపోయాడు. అసలు నేర్పింది ల్యాబులో పెద్ద సిస్టర్. ఆరు ఆదివారాలు, బజారు వెనక ఖాళీ స్థలంలో, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, బండి వెంట పరుగెత్తుతూ, "బ్రేకు, ఒసే బ్రేకు" అని అరుస్తూ.

ఆ పెద్ద సిస్టర్ దగ్గరికే మర్నాడు వెళ్ళి సంగతంతా చెప్పింది సూదమ్మ. పెద్ద సిస్టర్ రిపోర్టుల మీద ముద్రలు కొడుతోంది. వింటూ కొడుతూనే ఉంది, చివరికి ముద్ర పక్కన పెట్టింది.

"నీ నోట్లో పళ్ళు తీసి వాడి బండికి కట్టిస్తావు. ఆ బండి అమ్మి వాడు టీవీ కొనుక్కుంటాడు. నువ్వు ఆ టీవీ మీద దుమ్ము తుడుస్తావు. అంతేనా?"

సూదమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అంతే సిస్టర్ అంది.

"బుద్ధి లేదటే నీకు? ఆ పిల్లకి నిజం చెప్పేసి కొనొద్దను. నీ చేతులు కడిగేసుకో."

అదీ ఆలోచించింది సూదమ్మ. కానీ కొత్తపిల్ల షేర్ ఆటోలు పట్టుకుని ఇళ్ళకు తిరుగుతోంది. తొమ్మిదింటికి కూడా సగం ఇళ్ళు మిగిలిపోతున్నాయి, షుగరు ఉన్న ముసలివాళ్ళు పరగడుపున కూర్చుని కళ్ళు తిరిగి పడిపోతున్నారు. నెలాఖరుకల్లా బండి లేకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటామని మేనేజరు చెప్పేశాడు. ఈ బండి వద్దంటే, అదే ధరకు ఆ పిల్ల ఇంకెవరి దగ్గరో కొంటుంది. అందులో ఎంత చిక్కటి ఆయిలు ఉంటుందో ఎవరికి తెలుసు? నిజం చెప్పి చేతులు కడుక్కుంటే సూదమ్మ చేతులు శుభ్రంగా ఉంటాయి. ఆ పిల్ల మాత్రం రోడ్డు మీదే ఉంటుంది.

ఇలా అనుకుంటుండగానే కొత్తపిల్ల గొట్టాల పెట్టె మోసుకుంటూ వచ్చింది, చెమటలు కారుతూ. సాయంత్రం వచ్చి బండి చూసుకో, ఎవరైనా తెలిసిన మెకానిక్కును తెచ్చుకో అంది సూదమ్మ. ఆ పిల్ల పెట్టె దించి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మీరు నడిపిన బండి కదా అక్కా, చూసేదేముంది. నేను హెల్మెట్ కూడా కొనేశా."

నిజంగానే కొనేసింది. సంచీలోంచి తీసి చూపించింది. ఎర్రటిది. ఇంకా ప్లాస్టిక్ కవరు తియ్యలేదు.

సూదమ్మ ఆ హెల్మెట్ వైపు చూసింది. ఈ లోకంలో తనను ఇంతగా నమ్మినవాళ్ళు ఇంకెవరున్నారు అని వెతుక్కుంది. ఆమె ముందుకు చాచిన చేతులు చాలా ఉన్నాయి, సూది దించమని. కానీ ఆమె చేతిలో ప్రాణం పెట్టి, తనకు తెలియకుండానే పెట్టి, నవ్వుతూ నిలబడ్డది ఈ పిల్ల. పళ్ళదేముంది, ఎడమవైపు ఇంకా ఉన్నాయి. ఆ మాట మనసులో అనుకోగానే ఉలిక్కిపడింది. అది అత్తగారి మాట. కాదు, అలా కాదు అని దిద్దుకుంది. పళ్ళు కావాలి. బండి కూడా బాగుపడాలి. ముందు ఏది ప్రాణం మీదికొస్తుందో అది. టీవీ ఎవరు చూస్తారన్నది తర్వాతి మాట.

సాయంత్రం డబ్బు తీసుకుని మేస్త్రీ దగ్గరికి పోయింది. ఇంజన్ విప్పండి అంది. మేస్త్రీ మొహం విప్పారింది, అంతలోనే సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. ఆయన దగ్గర ఇదొక నియమం. ఒకసారి ఎవరో తమ్ముడు తెచ్చిన బండికి ఇంజన్ విప్పితే, అన్న వచ్చి నా బండి ఎవడు విప్పమన్నాడని షాపు ముందు కూర్చున్నాడట. అప్పటినుంచి చిన్న సర్వీసులకు ఎవరొచ్చినా సరే, ఇంజన్ విప్పాలంటే మాత్రం యజమాని సంతకం ఉండాల్సిందే.

సూదమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. కాగితం మీద అచ్చువేసి ఉంది: యజమాని పేరు. దాని కింద: యజమాని సంతకం. ఇంట్లో చెబితే ఆయన చచ్చినా సంతకం పెట్టడు. అమ్మే బండికి సర్వీసేంటే అని మళ్ళీ మొదలుపెడతాడు. తన చేత్తో దొంగ సంతకం పెట్టడం ఆమె వల్ల కాదు.

"మా ఆయన పెట్టరు మేస్త్రీ."

"సరే, ఆ సంగతి చూద్దాం. ముందు బండి రిజిస్ట్రేషన్ కార్డు ఇవ్వు. సామాను తెప్పించాలంటే ఇంజన్ నంబరు రాసుకోవాలి."

సీటు కింద ప్లాస్టిక్ కవర్లో మడిచి ఉన్న కార్డు తీసి ఇచ్చింది. పదేళ్ళుగా అక్కడే ఉంది. ఆ పొద్దుటి వేళల్లో ఎవరూ ఆమెను ఆపి అడగలేదు, ఆమె ఎప్పుడూ తెరిచి చూడలేదు. మేస్త్రీ కళ్ళజోడు పెట్టుకుని, కార్డును దూరంగా పట్టుకుని, నంబరు రాసుకున్నాడు. రాసుకుని పైకి చూశాడు. మళ్ళీ కార్డు చూశాడు.

"యజమాని అని నీ పేరే ఉందమ్మా ఇందులో."

సూదమ్మ నవ్వేసింది. సరిగ్గా చూడండి అంది. "యజమాని అంటే ఆయన కదా."

"ఆయన నీకు యజమాని అయితే అయ్యాడేమో. బండికి నువ్వే."

ఆమె కార్డు లాక్కుని చూసుకుంది. చిన్న అక్షరాల్లో, ఇంటిపేరుతో సహా, తన పేరు. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బండి కొన్న రోజుల్లో మొగుడికి ఉద్యోగం లేదు. ఆమె జీతం కాగితం చూపించి కొన్నారు. ఫారాల మీద పెన్సిలుతో ఇంటూ గుర్తులు పెట్టి, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అన్నాడాయన. చంటిపిల్లను చంకనేసుకుని ఆమె సంతకాలు పెట్టింది. వాయిదాలు మూడేళ్ళు ఆమె జీతంలోంచే పోయాయి. మొదటి ఏడాది ఆయన తిరిగాడు. కంపెనీ వేరే బండి ఇచ్చాక, ఇది నువ్వు తీసుకో అని ఇచ్చాడు. ఇచ్చాడు. అప్పు ఆమెది, బండి ఆయనది. ఈ లెక్కలో తప్పేమిటో ఇన్నేళ్ళలో ఆమెకు ఒక్కసారి తట్టలేదు. మీరు నవ్వకండి. ముందు మీ ఇంట్లో కాగితాలు బయటికి తీసి చూసుకుని, అప్పుడు నవ్వండి.

మేస్త్రీ సొరుగులోంచి పాత సర్వీసు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. అంచులు నలిగి, ఆయిలు మరకలతో. పదేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు, యజమాని పేరు అన్నచోట సూదమ్మ తన గుండ్రటి అక్షరాలతో మొగుడి పేరు రాసింది. ఎవరూ రాయమనలేదు. యజమాని అని చదివింది, మొగుడనుకుంది, రాసింది. ఎవరైనా అంతే. మా యజమాని ఊళ్ళో లేరు, మా యజమానిని అడిగి చెబుతాను అంటాం. ఆ మాట నోటికి అలాగే అలవాటయింది. ఎన్ని ఫారాల్లో, ఎన్ని గళ్ళలో అలా రాసిందో ఆమెకే లెక్క తెలియదు. ఎవరో తనను దోచుకున్నారంటే కోపం తెచ్చుకోవచ్చు. తన చేత్తో, తన అక్షరాలతో, తనే రాసిచ్చింది.

పాత కార్డును పక్కకు జరిపింది. తర్వాత మేస్త్రీ ఇచ్చిన కాగితం మీద యజమాని పేరు అన్నచోట తన పేరు రాసింది. సంతకం పెట్టింది. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. వేల చేతులకు సూది దించిన చెయ్యి అది.

"విప్పండి మేస్త్రీ."

పాలిష్‌కి ఇచ్చిందిలే అనుకున్నాడు మొగుడు. మూడు రోజుల తర్వాత బండి చేతికొచ్చింది. స్టార్టు చేస్తే సూదమ్మ ఒక్క క్షణం భయపడింది, ఆగిపోయిందేమోనని. అంత మెత్తగా ఉంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడుతోనే ఇది ఎలా మోసింది తనను అని సీటు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. డబ్బు కాక ఇంకేం ఇవ్వాలి మేస్త్రీ అని అడిగింది. ఏమక్కర్లేదు, వీళ్ళందరూ చిక్కటి ఆయిలు పోయించుకుపోతే నేను పని మర్చిపోతాను, గుర్తుచేశావు చాలు అన్నాడాయన. తీసేసిన పాత సామాను సంచీలో వేసిచ్చాడు. కొత్తవి వేశామని నమ్మకానికి పాతవి చేతికివ్వడం ఆయన పద్ధతి.

ఆదివారం పొద్దున మొగుడు పేపరు చదువుతుంటే, అత్తగారు పక్కన కాఫీ చల్లార్చుకుంటుంటే, సూదమ్మ ఆ సంచీ తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఏంటిది అన్నాడు. మీరు చిక్కటి ఆయిలు కింద దాచమన్నది అంది. తర్వాత అరగంట ఆయనే మాట్లాడాడు. నాతో ఒక్కమాట చెప్పకుండా అన్నాడు. అమ్మే బండికి అంత డబ్బు తగలేస్తారా అన్నాడు. ఎక్కడిది ఆ డబ్బు అన్నాడు. నా బండి నన్నడక్కుండా ఎవడు విప్పాడు, వాడి సంగతి చూస్తా అన్నాడు. అప్పుడు సూదమ్మ కార్డు తీసి సామాను పక్కన పెట్టింది.

ఆయన ఆశ్చర్యపోలేదు. అది ఆమె కనిపెట్టింది. కార్డు వైపు సరిగ్గా చూడను కూడా లేదు.

"అప్పుడు నీ జీతం మీద ఇచ్చారు కాబట్టి అలా రాయించాం. పేరుదేముందే, కాగితం మీద మాట."

"ఏమీ లేకపోతే మీకు బాధెందుకండీ?"

ఆయన లోపలికెళ్ళి, తన ఆఫీసు బ్యాగులోంచి ఒక ఫారం తెచ్చాడు. బండి పేరు మార్చే ఫారం. ముందే తెచ్చి ఉంచాడు. మూడుచోట్ల పెన్సిలుతో ఇంటూ గుర్తులు. సరే, అయిందేదో అయింది, ఆ పిల్లకి రేటు నేను చెబుతాలే, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ పెట్టెయ్ అన్నాడు, కొంచెం మెత్తబడిన గొంతుతో. సూదమ్మ ఫారం అందుకుంది. ఇంటూ గుర్తులు వదిలేసి, పైన మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది. నాలుగు పేజీలు. తిప్పి వెనకవైపు కూడా చదివింది. ఎంతసేపు చదువుతావు అన్నాడు. అయిపోయేదాకా అంది. చదవడం అయ్యాక మడిచి తన సంచీలో పెట్టుకుంది.

"బండి అమ్ముతాను. రేటు నేను చెబుతాను. వచ్చిన డబ్బుతో పళ్ళు కట్టించుకుంటాను."

గొంతు పెంచలేదు. మొగుడు తల్లి వైపు చూశాడు, ఏమైనా అంటుందేమోనని. అత్తగారు కాఫీ పక్కన పెట్టి, బల్ల మీదున్న పాత చెయిన్‌ను వేళ్ళతో ఎత్తి, వెలుతురుకు పట్టుకుని చూస్తోంది. సాగిపోయి, మెలికలు తిరిగి వేలాడుతోందది.

"ఇంత అరిగేదాకా ఎవరూ చూడలేదటే," అంది. కొడుకుతో కాదు, కోడలితోనూ కాదు.

ల్యాబుకు ఆదివారం మధ్యాహ్నం నుంచి సెలవు. కొత్తపిల్ల ఎర్ర హెల్మెట్ చంకలో పెట్టుకుని ల్యాబు ముందే కాచుకుని ఉంది. సూదమ్మ బండి స్టాండు వేసి, మార్చినవన్నీ చెప్పింది, మార్చనివి కూడా చెప్పింది. పెట్రోలు ముల్లు అబద్ధం చెబుతుంది, నమ్మకు. ఎడమ అద్దం గాలికి తిరిగిపోతుంది. సీటు కింద చిరుగుంది. ఇన్ని చెబితే ఎవరైనా కొంటారా అక్కా అంది కొత్తపిల్ల నవ్వుతూ. రేటు చెప్పింది సూదమ్మ. ఆ పిల్ల వెంటనే సరే అంది. సూదమ్మకు ఒళ్ళు మండింది.

"సరే ఏంటే సరే? ఎవరైనా రేటు చెబితే ముందు బేరమాడాలి. ఆడు."

ఆ పిల్ల బిక్కమొహం వేసి, బెరుగ్గా ఒక అంకె చెప్పింది. ఇంకా తగ్గించి అడుగు అంది సూదమ్మ. ఇద్దరూ కాసేపు అలా బేరమాడి, ఒకచోట ఆగారు. పళ్ళ డాక్టరుకు సరిపోయి, కాస్త మిగిలేచోట. తర్వాత ఫారం బయటికి తీసి, మెట్ల మీద కూర్చుని, ఒక్కో లైనూ ఆ పిల్ల చేత చదివించి, అర్థమైందా అని అడిగి, అప్పుడు సంతకాలు పెట్టుకున్నారు. ఒకప్పుడు ఆదివారాల్లో ఖాళీ స్థలంలో చీర కుచ్చిళ్ళు బిగించి తన వెంట పరుగెత్తిన ఒక మనిషికి ఇది చేరుతుందనిపించింది సూదమ్మకు. చేతికి అందించినవాళ్ళకు తిరిగి ఇవ్వలేం. తర్వాతి చేతికే ఇవ్వాలి.

నడిపి చూడు అంది. కొత్తపిల్ల ఎక్కింది. ఒక్క కిక్కు. సూదమ్మ చీర సర్దుకుని వెనక కూర్చుంది. ఆ సీటు మీద ఇన్నేళ్ళూ ఐసు పెట్టె కూర్చునేది. పదేళ్ళలో ఆమె ఆ చోటు నుంచి ఈ బండిని ఎప్పుడూ చూడలేదు. ముందు ఒక ఆడపిల్ల వీపు, ఎర్ర హెల్మెట్, దాని మీదుగా రోడ్డు. ఆ రోడ్డు చివర పరగడుపున ఎవరూ ఎదురుచూడటం లేదు. చీటీ లేదు, అడ్రసు లేదు.

కొత్తపిల్ల గేరు వేసి, మలుపు దగ్గర కాలు ఆన్చి, తల సగం వెనక్కి తిప్పింది.

"ఎటు పోనిమ్మంటారు అక్కా?"

సూదమ్మ రెండు చేతులూ ఆ పిల్ల భుజాల మీద వేసింది.

"నన్నడుగుతావేంటే," అంది. "బండి నీది."